నెత్తురు ఆగుతుందా అని అడుగుతూ మూడు ఊళ్లు

మదనపల్లె వెళ్లొచ్చానంటే అందరూ హార్సిలీ హిల్స్ ఎలా ఉన్నాయని అడుగుతారు. నేను కొండ ఎక్కలేదు. పుంగనూరులో అక్కడి పొట్టి ఆవుల్ని చూశాను గానీ వాటిని చూడ్డానికి వెళ్లలేదు. కుప్పంలో రైల్వేస్టేషనూ, మా అక్క వంటగదీ తప్ప వేరేమీ చూసిన గుర్తులేదు. ఈ మూడు ఊళ్లలోనూ నేను చేసిందల్లా మా వాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్లు పెట్టింది తిని, ఒకే ప్రశ్న అడగడం: మీకు దెబ్బ తగిలితే నెత్తురు తొందరగా ఆగుతుందా?

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, చలికాలంలో చేసిన ప్రయాణం ఇది. ఆ ఊళ్లకు ఎవరైనా వెళ్లాలనుకుంటే దారి చెప్పడానికి ఇది పనికిరాదు. ఆ దారిలో నాతోపాటు నడిచిన భయం గురించి మాత్రం చెప్పగలను.

బెంగళూరు

అమ్మా నాన్నా పోయాక మిగిలింది మేం ముగ్గురం. కుప్పంలో కాపురముంటున్న విజయక్క పెద్దది. నెల్లూరులో టీచరుగా పనిచేసే నేను రెండోదాన్ని. ఆఖరివాడు మురళి. మా నాన్నది మదనపల్లె వైపే అయినా ఉద్యోగం కోసం నెల్లూరు వచ్చేశాడు కాబట్టి నేనూ మురళీ ఆ ఊరి నీళ్లు తాగి పెరిగాం. మురళి బెంగళూరులో ఉద్యోగం చేస్తూ జ్వరంతో పడిపోయాడు. తగ్గని జ్వరం, చిగుళ్లలో రక్తం. పరీక్షలు చేసి అక్యూట్ లుకేమియా అన్నారు. రక్తపు క్యాన్సరుల్లో చాలా వేగంగా ముదిరే రకం. మందులు ఎక్కించాక కొంత అణిగింది గానీ అది మళ్లీ లేస్తుందని, తోబుట్టువుల ఎముకల్లోని మూలుగ ఎక్కిస్తేనే నమ్మకమనీ చెప్పారు.

నా రక్తం పరీక్ష చేశారు. మురళికి సరిపోయింది. ఆ మాట విని వరండాలో నిలబడి ఏడ్చాను, సంతోషంతో. మర్నాడు డాక్టరమ్మ నన్ను పిలిచింది. ఆమెది కోలారు వైపు, తెలుగు బాగా మాట్లాడేది.

"మీ రిపోర్టులో ప్లేట్‌లెట్లు తక్కువున్నాయి. చిన్నప్పుడు ముక్కులోంచి రక్తం కారేదా?" అని అడిగింది.

"కారేది. వేడి చేసిందనేవాళ్లు."

"మీ తమ్ముడికి?"

"వాడికీ కారేది."

ఆమె పెన్ను పక్కన పెట్టేసింది. "మీరు టీచరు కదా, మీకు అర్థమయ్యేట్టు చెబుతాను" అంది.

"మూలుగలో రక్తకణాలు ఒకటో తరగతి పిల్లల్లా పుడతాయి. ఏడాదికో తరగతి పాసై, పెద్దవై, బయటికెళ్లి పని చేస్తాయి. ఒక జన్యువు చెడితే పై తరగతికి వెళ్లడం కుంటుపడుతుంది. అయినా బడి ఎలాగో నడుస్తుంది, ఎందుకంటే కొత్తగా చేరేవాళ్లు లెక్కప్రకారమే చేరతారు. వేరే జన్యువు చెడితే, చేరేవాళ్లకు అదుపుండదు. అప్పుడు కూడా కొంతకాలం నెట్టుకురావచ్చు, పై తరగతులకు వెళ్లిపోతూ ఉంటారు కాబట్టి. కానీ ఆ రెండూ ఒకే కణంలో కలిశాయనుకోండి..."

"బడి నిండా ఒకటో తరగతే ఉంటుంది" అన్నాను.

"అవును. పని చేసే కణానికి నిలబడ్డానికి చోటుండదు. మీ తమ్ముడి ఒంట్లో జరిగింది అదే. ఒక్క తప్పు ఈ జబ్బు తీసుకురాదు. తప్పులు ఒకదానికొకటి తోడవ్వాలి. ఒక్కోసారి మూడోది, నాలుగోది కూడా కలుస్తుంది. మామూలుగా ఇవన్నీ పుట్టిన తర్వాత వచ్చేవే. కానీ కొన్ని కుటుంబాల్లో మొదటి తప్పు పుట్టుకతోనే వస్తుంది. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటాయి, గాయమైతే రక్తం తొందరగా ఆగదు, అంతే. చాలామంది అలాగే బతికేస్తారు. కొందరికి రెండోది వచ్చి కలుస్తుంది."

"అయితే నా మూలుగ..."

"మీలోనూ ఆ మొదటిది ఉంటే, పాత రోగాన్నే మళ్లీ తెచ్చి నాటినట్టవుతుంది. ఆ పరీక్ష ఇక్కడ లేదు. రక్తం బయటి దేశానికి పంపాలి, జవాబు రావడానికి నెలలు పడుతుంది. మీ తమ్ముడికి అంత వ్యవధి లేదు. మీ నాన్నగారు తొందరగా పోయారన్నారు కాబట్టి ముందు ఆయన వైపు వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఎవరికి రక్తం ఆగదో, ఎవరికి ఆగుతుందో అడగండి. ముఖ్యంగా మీ అక్కను తీసుకురండి."

లేచి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాను. "నాకూ ఆ రెండోది వస్తుందా డాక్టర్?"

"రావచ్చు. ఎప్పటికీ రాకపోవచ్చు. చెప్పే మార్గం నా దగ్గర లేదు" అంది.

విజయక్కకు అంతకుముందే ఎన్నిసార్లో ఫోన్ చేశాను. పాపకు పరీక్షలంది, బావకు కుదరదంది. చివరికి పక్కింటివాళ్లు ఫోనెత్తి, అక్క ఊళ్లో లేదని చెప్పారు. వెనకాల అక్క దగ్గు నాకు వినబడింది.

మదనపల్లె

బస్సు చింతామణి దాటాక దారి పొడుగునా టమాటా తోటలు. నా పక్కన రాయల్పాడులో దిగాల్సిన ఒకావిడ కూర్చుంది. పొట్లం విప్పి బొరుగులు నా చేతిలో పోసింది. మా నెల్లూరు బస్సుల్లో పక్కవాళ్లు ఊరూ పేరూ అడిగి తర్వాత తినడానికి పెడతారు. ఇక్కడ ముందు పెట్టి తర్వాత అడుగుతారు.

ఎక్కడో గేదె అడ్డం రావడంతో డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. నా మోచెయ్యి ముందు సీటు ఇనుప కమ్మీకి కొట్టుకుంది. పెద్ద దెబ్బేమీ కాదు. కానీ చూస్తుండగానే అక్కడ చర్మం కింద నీలం రంగు పాకింది. ముందు రూపాయి బిళ్లంత, తర్వాత అరచెయ్యంత.

"ఏమ్మా, అంత నల్లగైపోయె! నీ నెత్తురు పల్సనా?" అంది పక్కావిడ.

"ఎప్పుడూ ఇంతేనండీ" అన్నాను. నిజంగా ఎప్పుడూ అంతే. బడిలో బల్ల తగిలినా ఇలాగే అవుతుంది. అన్నేళ్లూ దాన్ని పట్టించుకోలేదు. ఆ రోజు మాత్రం మదనపల్లె వచ్చేదాకా చీర కొంగు కప్పుకోవడం, మళ్లీ తీసి చూసుకోవడం.

ఊళ్లో చలి. మార్కెట్టులో టమాటా ధర పడిపోయిందట. కిలో అర్ధరూపాయికి కూడా అడిగేవాడు లేక రైతులు గంపలకు గంపలు రోడ్డు పక్కన కుమ్మరించి వెళ్లిపోయారు. లారీల చక్రాల కింద అదంతా ఎర్రటి గుజ్జయింది. చెప్పులకు అంటకుండా పక్కనుంచి నడుస్తూ, ఆ రంగు చూడలేక తలతిప్పుకున్నాను.

మా నాగరత్నత్త నీరుగట్టువారిపల్లెలో ఉంటుంది. ముందుగది పట్టుచీరలు నేసేవాళ్లకు అద్దెకిచ్చింది కాబట్టి మగ్గం చప్పుడు మీదుగా గట్టిగా మాట్లాడటం అత్తకు అలవాటైపోయింది. నన్ను చూసి కౌగిలించుకుంది. "వచ్చినావా పాపా! మురళికెట్లుండాది? నేను రాలేకపోయినా, కాళ్లు పట్టేసినాయి" అంది.

నన్ను పీట మీద కూర్చోబెట్టి ముందర గిన్నె పెట్టింది. అందులో నానబెట్టిన అనపగింజలు. ఒక్కో గింజనూ వేళ్ల మధ్య పట్టి నొక్కితే తొక్క చేతిలో మిగిలి పచ్చటి పప్పు బయటికి జారుతుంది. దీన్ని పితికిపప్పు అంటారు. చలికాలంలో చిత్తూరు జిల్లాలో ఈ కూర లేని ఇల్లుండదు. నెల్లూరులో దీని పేరే వినలేదు. నేను పితికిన గింజ ఎగిరి మగ్గం కిందికి పోయింది. అత్త నవ్వింది. ఆ నవ్వు ఉండగానే అడిగేశాను.

"అత్తా, మనవాళ్లలో నెత్తురు ఆగనివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"మనది వేడి ఒళ్లే పాపా. మాయమ్మకు కాన్పు కాన్పుకూ ఒకటే నెత్తురు. మంత్రసాని భయపడిపొయ్యేది. మీ సిన్నాయన రామచంద్రకూ అంతే, పల్లు పీకించుకుంటే రెండు దినాలు ఆగలా."

"నీకో?"

"నాకేముండాది! కత్తి తగిలితే తుడిసేసుకోని పని జేసుకుంటా. మాయమ్మ గుణం నాకు రాలేదు. మీ నాయనకొచ్చె."

"నాన్నకు కూడానా?"

అత్త చేతులు గిన్నెలో ఆగిపోయాయి.

"అత్తా, నాన్న టైఫాయిడ్‌తో పోయాడు కదా?"

"అట్లని మేమే అనుకున్నాము పాపా. నీకూ మురళికీ అట్లనే సెప్పాలని. నువ్వప్పుడు హాస్టల్లో ఉండావు, మురళి సిన్నోడు. మద్రాసులో పెద్దాసుపత్రిలో సూపిచ్చినాము. రక్తంలో క్యాన్సరన్నారు. సిగుళ్లలో, ముక్కులో, కండ్లల్లో గూడా నెత్తురే. మీ విజయక్క ఒకటే నీళ్లు దెచ్చేది, గుడ్డలు మార్సేది. మంచం కాడినుంచి లేసేది కాదు. ఆడబిడ్డలుండే ఇల్లు గదా, బయట తెలిస్తే మీ పెండ్లిళ్లు యాడ అయితాయని గమ్మునుండిపోయినాము."

నాన్న, మురళి, మధ్యలో నేను. డాక్టరమ్మ చెప్పిన మాట అప్పటిదాకా ఆసుపత్రి గదిలో విన్న పాఠంలా ఉండేది. అది ఒక్కసారిగా మా ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టయింది. లేచి దొడ్లోకి వెళ్లి, అద్దం దగ్గర పెదవి ఎత్తి నా చిగుళ్లు చూసుకున్నాను. మామూలుగానే ఉన్నాయి. అయినా వేలితో ఒకసారి రుద్ది, ఆ వేలిని వెలుతురులో చూసుకున్నాను.

పితికిపప్పు కూరతో రాగిసంగటి పెట్టింది అత్త. చాలా రుచిగా ఉందని తలూపాను. నాలిక్కి ఏమీ తెలియలేదు.

పుంగనూరు

రామచంద్రప్ప చిన్నాయన ఇల్లు ఊరి బయట, మల్బరీ తోటలో. పట్టుపురుగులు పెంచుతాడు. వాకిట్లో రెండు పుంగనూరు ఆవులు కట్టేసి ఉన్నాయి, నా నడుముకు కూడా రానంత పొట్టివి. మొదటిసారి చూసేవాళ్లు దూడలనుకుంటారు. నేనూ అనుకున్నాను. "దూడలు గాదక్కా, వాటికి మనవరాండ్లు గూడా ఉండారు" అని నవ్వింది లలిత, చిన్నాయన కూతురు. డిగ్రీ అయిపోయిన పిల్ల. తర్వాతి వారమే నిశ్చితార్థం. ఇల్లంతా సున్నం వాసన.

నేను భోజనాల దగ్గర ప్రశ్న అడగ్గానే చిన్నాయన ముద్ద కలపడం ఆపాడు.

"అట్లాంటిదేమీ లేదమ్మా మా ఇంట్లో."

"అత్త చెప్పింది, పన్ను పీకించినప్పుడు..."

"అదంతా యాల ఇప్పుడు? అప్పుడేదో డాక్టరు సరిగ్గా పీకలేదు. మురళి సంగతి తల్సుకుంటే నాకు నిద్ర పట్టడంలా. కావాలంటే నేనొచ్చి సూసిపోతా. ఈ మాట మాత్రం ఈడ ఎత్తద్దు. పెండ్లివారు రేపో మాపో వస్తాండారు."

చిన్నమ్మ నా కంచంలో ఊరుబిండి వడ్డిస్తూ తల ఎత్తలేదు. వేరుశెనగలూ ఎండుమిరపకాయలూ కలిపి నూరిన పచ్చడి అది. కారం నషాళానికి ఎక్కింది. నీళ్లు తాగే వంకతో నేనూ తల దించుకున్నాను.

మధ్యాహ్నం లలిత నన్ను బజారుకు తీసుకెళ్లింది, నిశ్చితార్థానికి గాజులు వేయించుకోవాలని. జమీలమ్మ అనే ఆవిడ చిన్న కొట్టు. ఆమె ఇంట్లో ఉర్దూ, కొట్లో తెలుగు. డజను పచ్చగాజుల ధర బెంగళూరులో చెప్పినదాంట్లో సగమే. కొసరుకు ఇంకో రెండు తొడిగి మరీ పంపుతుందట. లలిత చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని బొటనవేలి మొదలు మెత్తగా నొక్కుతూ ఒక్కో గాజూ ఎక్కించింది. మాటల మధ్యలో ఆగి, ఆ చేతిని వెలుతురుకు పట్టి చూసింది.

"అరె! నేను మెల్లగానే ఎక్కిస్తాండా కదమ్మా. ఇదేంది ఇట్ల కములుతాండాది?"

లలిత చేతి మీద, జమీలమ్మ వేళ్లు నొక్కిన చోటల్లా, నీలపు మచ్చలు లేస్తున్నాయి. ఒకటి, పక్కన ఇంకొకటి. లలిత చెయ్యి లాక్కోబోయింది. అప్పటికే నా కొంగు జారి మోచేతి మీది మచ్చ బయటపడింది. లలిత దాన్ని చూసింది. తన చేతిని చూసుకుంది. గాజులింకా సగమే ఎక్కాయి.

కొట్టు బయటికి వచ్చాక లలిత నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అక్కా, నాయన సెప్పింది నిజం గాదు. నాకు చిన్నప్పటినుంచీ ఇంతే. నెలనెలా మంచం మీదినుంచి లేవలేను. ఎవరికీ సెప్పద్దంటారు. మురళన్నకు వచ్చింది నాక్కూడా వస్తాదా?"

డాక్టరమ్మ నాతో చెప్పిన మాటే చెప్పాలి. చిన్నపిల్ల, వారంలో నిశ్చితార్థం. అబద్ధం చెప్పాలని నాలుక దాకా వచ్చింది. కానీ నాన్న గురించి మాకు చెప్పిన అబద్ధం ఒక పూట క్రితమే నాకు తెలిసింది.

"అది ఒక్కటే ఉంటే రాదు. ఇంకోటి వచ్చి కలిస్తేనే వస్తుంది. కలవకపోవచ్చు కూడా. ఎవరికి కలుస్తుందో తెలీదు" అన్నాను.

"మొదటిది నాలో ఉండాదో లేదో తెలుసుకునేదెట్ల?"

"ఇక్కడైతే ప్లేట్‌లెట్లు లెక్కపెట్టించుకోవచ్చు. దాంతో కొంత తెలుస్తుంది."

"పోదాం పా" అంది.

బస్టాండు దగ్గర ఒక రక్తపరీక్షల ల్యాబులో సూది గుచ్చారు. గుచ్చిన చోట దూది నొక్కిపట్టుకుని లలిత బెంచీ మీద కూర్చుంది. ల్యాబు అతను పక్కవాళ్లందరి దూదీ తీయించేశాడు. మా పిల్ల దూది మాత్రం తీసినప్పుడల్లా ఎర్రగా ఉబ్బుతూనే ఉంది. రిపోర్టులో చూస్తే ప్లేట్‌లెట్లు ఉండాల్సినదాంట్లో సగం కూడా లేవు.

ఇంటికి వెళ్లేసరికి చిన్నాయనకు ఎవరో చెప్పేశారు. వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.

"నీ తమ్మునికి బాగలేదని నా బిడ్డ బతుకు బుగ్గి జేస్తావా? ఇందుకేనా వచ్చినావు?"

లలితే ముందుకొచ్చింది. "అక్కనేమీ అనాకు నాయనా. నేనే పోయినా. నన్ను సేసుకోబొయ్యే ఆయనకు గూడా నేనే ఫోన్ జేసి సెప్తా. రేప్పొద్దున నాకేమన్నా అయితే, వాళ్లకు సెప్పకుండా సేసుకున్నామని నువ్వు తలెత్తుకోని తిరగగలవా?"

చిన్నాయన వాకిట్లో అలాగే కూలబడ్డాడు. కోపం పోయి, భయం ఒక్కటే మిగిలింది ఆ ముఖంలో. చేతులు ముందుకు చాచి చూసుకున్నాడు. "నాకూ అదే ఉండాదా అమ్మా?" అన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. పురుగుల కొట్టంలో మల్బరీ ఆకులు కొరికే చప్పుడు సన్నటి వానలా వినబడుతోంది.

మర్నాడు నన్ను బస్సెక్కించడానికి చిన్నమ్మ ఒక్కతే వచ్చింది.

కుప్పం

పలమనేరులో బస్సు మారి, బైరెడ్డిపల్లె మీదుగా కుప్పం. ఎండిన చేలు, బండరాళ్లు, అక్కడక్కడా చింతచెట్లు. కండక్టరు ఒక ఊళ్లో తెలుగు, ఇంకో ఊళ్లో కన్నడం, ముగ్గురు ముసలమ్మలతో తమిళం మాట్లాడాడు. నాతో మాట్లాడినప్పుడు మూడూ కలిపేశాడు. వేరే సమయమైతే నవ్వుకునేదాన్నే. దారి పొడుగునా మనసులో ఒకటే లెక్క. అక్కకు నాన్న గుణం వచ్చి ఉంటే, మురళికి ఇంకెవరూ లేరు. చిన్నప్పుడు అక్కకు ముక్కులోంచి రక్తం కారిందా? ఎంత గుర్తు చేసుకున్నా తెలియలేదు. అక్క నాకంటే చాలా పెద్దది. మా దెబ్బలకు కట్టు కట్టింది అక్కే, అక్క దెబ్బలు మేం చూడలేదు.

కుప్పంలో గ్రానైట్ లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. బావ అలాంటి రాళ్లు పాలిష్ చేసే చోట సూపర్‌వైజరు. నేను గేటు తీయగానే అక్క గుమ్మంలో కనబడింది. లోపలికి వెళ్లబోయి ఆగిపోయింది.

"వచ్చినావా" అంది.

"వచ్చాను."

నేను ముందు చూసింది అక్క ముఖం కాదు, చేతులు. మోచేతుల దాకా చూశాను. ఒక్క మచ్చ కూడా లేదు. నా చూపు ఎక్కడుందో అక్క కనిపెట్టి కొంగు లాక్కుంది.

కాళ్లు కడుక్కోమంది, కాఫీ ఇచ్చింది, పాప బడికి పోయిందని చెప్పింది, బావ వచ్చే వేళయిందంది. ఒక్క క్షణం కూర్చోలేదు. నేను మురళి పేరెత్తబోతే, వంకాయలు తరగాలని వంటింట్లోకి వెళ్లి కత్తిపీట ముందు కూర్చుంది. నేనూ వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"నాన్న సంగతి అత్త చెప్పింది అక్కా."

వంకాయ జారింది. వేలు కత్తిపీటకు తగిలింది. చూపుడువేలు, మొదటి కణుపు దగ్గర. రక్తం ముందు గీతలా కనబడి, తర్వాత బొట్లుగా కంచంలో పడింది. నేను లేవబోయాను. అక్క రెండో చేత్తో నన్ను ఆపింది.

"ఉండు" అంది. "సూద్దాం."

ఇద్దరం ఆ వేలినే చూస్తూ కూర్చున్నాం. వంకాయ ముక్కల మీద ఒక బొట్టు, ఇంకో బొట్టు. అక్క పెదవులు కదులుతున్నాయి, దేవుణ్ని తలుచుకుంటోందో, లెక్కపెట్టుకుంటోందో. బొట్టు బొట్టుకూ మధ్య వ్యవధి పెరిగింది. ఒక బొట్టు వేలి కొసన వేలాడి పడకుండా నిలిచిపోయింది. అక్క చీర కొంగుతో మెల్లగా తుడిచింది. తెగిన గీత కనిపించింది. దాంట్లోంచి మళ్లీ ఏమీ రాలేదు.

అక్క వంగి, కత్తిపీట మీద నుదురు ఆనించినంత పని చేసి ఏడ్చింది. నేను దాన్ని పక్కకు జరిపి ఆమె భుజాలు పట్టుకున్నాను.

"ఎన్ని దెబ్బలు తగిలినా సూసుకోలేదే నేను. దబ్బున నీళ్ల కింద పెట్టేసి కండ్లు మూసుకునేదాన్ని. నాయన మంచం కాడ అంత నెత్తురు సూసినాక, నా నెత్తురు సూడాలంటే భయం. మురళికి జ్వరమన్నప్పుడే నాకు అర్థమైపోయింది. నేనొచ్చి పరీక్ష జేసుకుంటే నాక్కూడా ఉండాదంటారేమో, నా బిడ్డకుండాదంటారేమో. అందుకే రాలేదు. వాడు నన్నేమనుకుంటాండాడో?"

"నువ్వు ఊళ్లో లేవనే అనుకుంటున్నాడు."

అక్క కళ్లు తుడుచుకుని నా మోచెయ్యి పట్టుకుంది. కొంగు తొలగించి మచ్చను చూసింది. అది అప్పటికి పచ్చగా, ఊదాగా మారింది.

"నీకుండాదా సరళా?"

"ఉందనే అనుకుంటున్నా అక్కా."

మళ్లీ ఏడవలేదు. వంకాయలన్నీ పారబోసి, కత్తిపీట కడగడం మొదలుపెట్టింది.

బావ భోజనానికి వచ్చాడు. సంగతంతా విన్నాడు. "వెన్నులోంచి తీస్తే నడుము పడిపోతాదంట గదా?" అన్నాడు. వెన్నులోంచి కాదని, మత్తిచ్చి తుంటి ఎముకలోంచి సూదితో తీస్తారనీ, తీసినంతా కొన్నాళ్లకు మళ్లీ ఊరుతుందనీ డాక్టరమ్మ నాకు చెప్పినదే చెప్పాను. బావ అక్కను చూశాడు. అక్క అప్పటికే బీరువాలోంచి చీరలు తీస్తోంది.

తిరిగి బెంగళూరు

కుప్పంలో బెంగళూరు రైలెక్కాం. బంగారుపేట దాకా కూర్చోవడానికి చోటు దొరకలేదు. ఒక తమిళావిడ తన బిడ్డను ఒళ్లో పెట్టుకుని మాకు జాగా ఇచ్చి, ఆకులో చుట్టిన చింతపండు పులిహోర పెట్టింది. మా పులిహోర కంటే నువ్వుల రుచి ఎక్కువ. బయల్దేరింది మొదలు నాకు రుచి తెలిసిన తిండి అదే.

అక్కకు ప్లేట్‌లెట్లు సరిగ్గా ఉన్నాయి. మూలుగ సరిపోతుందో లేదో తెలియడానికి ఇంకొన్ని రోజులు ఆగాలన్నారు. ఆ రోజులు ప్రయాణం మొత్తం కంటే పొడుగ్గా గడిచాయి. సరిపోయింది. ఆ మాట డాక్టరమ్మ చెప్పినప్పుడు ఈసారి నేను ఏడవలేదు. అలా ఏడ్చిన మర్నాడు ఏం విన్నానో నాకు గుర్తుంది.

అక్క తుంటిలోంచి తీసిన మూలుగ సంచీలో ఎర్రగా, మామూలు రక్తంలాగే ఉంది. మురళిని అద్దాల గదిలో ఉంచారు. బయటినుంచి ఫోనులో మాట్లాడేవాళ్లం. కొన్ని రోజులైతే వాడు బతుకుతాడనే అనుకోలేదు. నోరంతా పుండ్లు, జ్వరం, మాట లేదు. అక్క అద్దానికి చెయ్యి ఆనించి నిలబడేది, గంటలు గంటలు. ఒకనాడు వాడు పడుకున్న చోటునుంచే చెయ్యి ఎత్తి ఊపాడు. తర్వాత మెల్లగా కొత్త కణాలు లెక్కకు రావడం మొదలైంది.

వాడు బతికాడు. అందరికీ అలా కాదు. పక్క గదిలో ఉన్న, హాసన్ నుంచి వచ్చిన కుర్రాడి అమ్మ మాతో కాఫీ తాగేది. ఒకనాడు ఆమె సామాను సర్దుకుని, మా వైపు చూడకుండా లిఫ్ట్ ఎక్కేసింది.

మా నలుగురి రక్తం బయటి దేశానికి పంపితే, నెలల తర్వాత జవాబు వచ్చింది. పుట్టుకతో వచ్చే ఆ మార్పు మురళిలో ఉంది, నాలో ఉంది, లలితలో ఉంది. అక్కలో లేదు. అక్కలో లేదు కాబట్టి పాపకూ రాదు. ఆ మాట వినగానే అక్క ఆసుపత్రి వరండాలోనే నేల మీద కూర్చుండిపోయింది. చిన్నాయన రక్తం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. లలితలో ఉందంటే ఆయనలో ఉన్నట్టేనని ఆయనకూ తెలుసు.

లలిత పెళ్లి ఆగిపోయింది. ఫోనులో అంతా విన్నాక అబ్బాయి, ఇంట్లో మాట్లాడి చెబుతానన్నాడట. మళ్లీ ఫోను రాలేదు. చిన్నాయన నాతో మాట్లాడటం మానేశాడు. ఆయన్ని తప్పుపట్టలేను. లలిత మాత్రం మదనపల్లెలో బీఈడీ చదువుతోంది.

మేమిద్దరం ఏడాదికి కొన్నిసార్లు బెంగళూరు వెళ్లి రక్తపరీక్ష చేయించుకుంటాం. ఆమె అటునుంచి, నేను ఇటునుంచి వచ్చి ఆసుపత్రి మెట్ల దగ్గర కలుసుకుంటాం. మాలో మొదటిది ఉంది. రెండోది వచ్చిందా అని చూడడమే ఆ పరీక్ష. వెళ్లే ముందు వారం నాకు నిద్రుండదు. చిన్న నీరసం వచ్చినా అదేనేమో అనిపిస్తుంది. పిల్లలకు పాఠం చెబుతూ చెబుతూ ఆగిపోయి, నోట్లో చిగుళ్లను నాలికతో తడుముకుంటాను.

పోయినసారి రిపోర్టుల కోసం కూర్చున్నప్పుడు లలిత చేతిలో పేపరుంది గానీ పేజీ తిప్పడం లేదు.

"భయమేస్తాందా అక్కా?" అంది.

"వేస్తోంది."

"నాకూ. పోయినసారి కంటే ఈసారి జాస్తిగా ఉండాది."

లోపలినుంచి నర్సు వచ్చి లలిత పేరు పిలిచింది. లలిత లేచి రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి చెయ్యి చాచింది.

"నువ్వు గూడా రా అక్కా. ఇద్దరివీ ఒకేసారి సెప్పమందాం."